ఎనభై మిల్లీసెకన్లు

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే మూడో గుండీ వదులుగా కనిపించింది. స్టేజీ ఎక్కే మనిషికి మూడో గుండీయే ముఖ్యం. మైకు అక్కడే తగిలిస్తారు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి సూదిలో దారం ఎక్కిస్తుంటే స్నానాల గదిలోంచి గొంతు వినిపించింది.

"మూడో స్లైడులో బాణం అటు తిరిగిందేంటి? చూసుకోవద్దూ?"

అంటే మిగతా ఇరవై రెండు స్లైడులూ బాగున్నాయని. మా ఇంట్లో మెచ్చుకోవడం అలాగే ఉంటుంది.

హాల్లో అత్తయ్య ఫోన్లో చెల్లెలికి చెబుతోంది. మధ్యాహ్నం వాడికి సన్మానమట, వాడు కంప్యూటర్లని నడుస్తుండగానే ఒకచోట నుంచి మరోచోటికి మార్చేస్తాడట, లోపల పనిచేసుకునే వాళ్లకి చీమ కుట్టినట్టయినా ఉండదట. అవతల చెల్లెలు నా గురించి అడిగినట్టుంది. "దానికేం, ఇంటిపట్టునే ఉంటుంది, హాయిగా" అంది. పోయినేడు మేం ఇల్లు మారినప్పుడూ అత్తయ్య ఇలాగే చెప్పుకుంది. ఇల్లు మారామన్న మాటేగాని ఒక్క పూట టీ ఆలస్యం కాలేదనీ, అబ్బాయి ప్లానింగ్ అలాంటిదనీ. ఆ టీ కోసం నేను గ్యాసు స్టవ్వుని చివరి ట్రిప్పులో ఒళ్లో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చుని వచ్చాను. ఆ లారీలో నేనున్నట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఆయన పని నాకు బాగా తెలుసు. ఏడేళ్లుగా అది చేస్తున్నది నేనే.

ఒక పెద్ద సర్వర్ లోపల చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడుస్తుంటాయి. వాటిని వర్చువల్ మెషిన్లు అంటాం. ఒక్కో మెషిన్‌లో ఒక ఆస్పత్రో, ఒక ల్యాబో, ఒక దుకాణమో పనిచేసుకుంటూ ఉంటుంది. సర్వర్ పాతబడితే వాటిని ఆపకుండానే కొత్త సర్వర్ మీదకి మార్చాలి. మెమరీని పేజీలు పేజీలుగా కాపీ చేస్తాం. చేస్తుండగానే లోపలివాళ్లు కొన్ని పేజీల మీద మళ్లీ రాస్తుంటారు. అవి మాసిన పేజీలు. వాటి జాబితా రాసుకుని మళ్లీ కాపీ చేస్తాం. మిగిలినవి బాగా తగ్గాక, క్షణంలో చిన్న భాగం మాత్రం అంతా ఆపి, చివరి జాబితా చదివి, ఆ కాసినీ చేరవేసి, అవతల మొదలుపెడతాం.

ప్రాసెసర్ రాసేది జాబితాలో పడుతుంది. చిక్కు నెట్‌వర్క్ కార్డుతో, అంటే బయటి సమాచారాన్ని లోపలికి తెచ్చే భాగంతో. అది ప్రాసెసర్‌ని అడగదు. పెరటి గుమ్మంలోంచి వచ్చి వంటింట్లో సరుకు పెట్టి వెళ్లిపోయే మనిషిలా నేరుగా మెమరీలో రాసి పోతుంది. వీధి గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. ఆ పెరటి రాతల్ని కూడా పట్టుకుని జాబితాకెక్కించే కోడ్ నాలుగు వేల వరుసలు. కంపెనీలో దాన్ని ఆయన కోడ్ అంటారు.

పాప పుట్టినప్పుడు నేను ఉద్యోగం మానేశాను. మానేశాను అనడం మా ఇంటి అలవాటు. నిజానికి ఆయనా అత్తయ్యా కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం నిర్ణయించారు, నేను అప్పుడు పాపకి పాలు పడుతున్నాను. ఆ తర్వాత ఆర్నెల్లకి ఆయన ఒక చిక్కు తెచ్చి చూపించారు. విప్పి ఇచ్చాను. ఇంకోటి తెచ్చారు. తర్వాత అడగడం మానేశారు. సాయంత్రం బ్యాగులోంచి రెండు తీసి డైనింగ్ టేబుల్ మీద పెడతారు: ఖాళీ టిఫిన్ బాక్సు, పని రాసిన చీటీ. మర్నాటికి రెండూ నేను చూసుకోవాలి. పాప బడికి వెళ్లాక, కుక్కర్ కూతల మధ్య, పాత కంప్యూటర్లో ఆయన లాగిన్‌తో రాసేదాన్ని. నచ్చి రాశాను, ఆ మాట దాచను. రోజంతటిలో ఎవరూ నన్ను పిలవని గంటన్నర అదే. దానికి పేరు కూడా కావాలని అడిగితే ఆ గంటన్నర కూడా పోతుందేమోనని భయపడ్డాను.

గుండీ దారం పళ్లతో తెంపుతుండగా నా ఫోన్ మోగింది. ఆయన విజిటింగ్ కార్డు మీద రెండో నంబరు నాది. కస్టమర్లు విసిగిస్తే నేను మాట్లాడతానని ఆ ఏర్పాటు.

"సార్ ఉన్నారా అండీ? రక్తపరీక్షల ల్యాబ్ నుంచి" అంది ఒక అమ్మాయి. గొంతు చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. సార్ స్నానంలో ఉన్నారు, నాకు చెప్పమన్నాను. మూడు వారాల నుంచీ మీ ఆఫీసుకి చెబుతూనే ఉన్నాను అంది. మూడు వారాల కిందట ఒక సోమవారం తొమ్మిదింటికి వాళ్ల ల్యాబ్‌లో వరసగా కొన్ని రిపోర్టుల్లో ఒకరి అంకెలు ఇంకొకరి కింద పడ్డాయి. నమూనా నంబరు సరైనదే, అంకెలు మాత్రం ముందు మనిషివి. ఫిర్యాదు చేస్తే మా ఆఫీసు వాళ్లు మీరే రెండుసార్లు నొక్కి ఉంటారన్నారట. అందులో ఒకావిడ అరవయ్యేళ్ల మనిషి, దర్జీ పని చేస్తుంది. రక్తంలో పొటాషియం బాగా పెరిగి ఉండాల్సింది, రిపోర్టులో మామూలుగా ఉంది. డాక్టరు ఏం భయం లేదని ఇంటికి పంపాడు. నాలుగో రోజు బస్టాపులో పడిపోయింది. గుండె ఆగి మళ్లీ కొట్టుకుంది. అప్పట్నుంచీ ఆస్పత్రిలోనే, మాట లేదు.

"ఆవిడొక్కతే కాదండీ. ఆ పొద్దున ఇంకెంతమందివి అలా వెళ్లాయో నాకు తెలీదు. అందర్నీ వెనక్కి పిలవాలంటే తప్పు ఎక్కడో, ఏ సమయంలో జరిగిందో చేసినవాళ్లు సంతకం పెట్టి రాసివ్వాలంటున్నారు మా పెద్ద డాక్టరు. మీ వాళ్లేమో యంత్రం బాగానే ఉందంటున్నారు. వాళ్లంతా వేరేవాళ్ల అంకెలు పట్టుకుని తిరుగుతున్నారండీ."

ఆ సోమవారం తొమ్మిదింటికి ఆ ల్యాబ్ మెషిన్‌ని మేం కొత్త సర్వర్ మీదకి మార్చాం. ఆ రోజు చీటీ నాకు గుర్తుంది. ఫోన్ పెట్టేశాక సూది ఎక్కడ గుచ్చానో చాలాసేపు కనిపించలేదు, నా చీర కొంగుకే ఉంది.

రెండేళ్ల కిందటి ఆదివారం మధ్యాహ్నం. పాపకి జ్వరం, భుజం మీద వేసుకుని నిలబడే టైపు చేస్తున్నాను. నా కోడ్‌లో చివరి ఘట్టం ఇలా ఉండేది: మొదట కార్డుని ఆపు, తర్వాత చివరి జాబితా చదువు. అలా చేస్తే మెషిన్ మూడు వందల నలభై మిల్లీసెకన్లు, అంటే సెకనులో మూడో వంతు, ఆగుతుంది. ఆయన ముఖం మాడ్చుకున్నారు. మర్నాడు పెద్దలకి చూపించాలి, వందలోపు ఉండాలి. జాబితా ముందే చదివేసి తర్వాత కార్డుని ఆపితే ఎంతవుతుందని అడిగారు. ఎనభై అవుతుంది, కానీ చదవడానికీ ఆపడానికీ మధ్య కార్డు రాసింది ఏ జాబితాలోనూ ఉండదన్నాను.

"మధ్య అంటే ఎంతసేపు?"

"మూడు నాలుగు మిల్లీసెకన్లు."

ఆయన నవ్వారు. "నాలుగు మిల్లీసెకన్లలో ఎవరు చచ్చిపోతారే? మార్చు. చూపించాక మళ్లీ సరిచేద్దువుగాని."

లోపలి గది నుంచి అత్తయ్య మోకాలి తైలం అడిగింది. పాప ఒళ్లు కాలిపోతోంది. రెండు వరుసలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒంటి చేత్తో మార్చాను. పైన ఒక మాట రాసిపెట్టాను: ఇది తప్పు, రేపటి తర్వాత సరిచేయాలి. మర్నాడు ఆయన ఎనభై చూపించి వచ్చారు. ఆఫీసులో ఆయన పేరే ఎనభై అయింది. సరిచేస్తానని రెండుసార్లు అడిగాను. ఎనభై మళ్లీ మూడు వందల నలభై అయితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నారు. మూడోసారి అడగలేదు. ఆ మూడోసారి ఎందుకు అడగలేదో ఇప్పటికీ నాకు సరైన సమాధానం లేదు. అప్పుడు బడి సెలవులు, ఇంటినిండా చుట్టాలు. అవి కారణాలే, జవాబు కాదు.

పాత కంప్యూటర్ తెరిచి ఆ ఫైలు చూశాను. రెండు వరుసలూ అలాగే ఉన్నాయి. పైన నేను రాసిన మాట లేదు. ఎవరో తీసేశారు. ఫైలు మార్పుల చరిత్ర చూస్తే తీసింది ఆయన లాగిన్, రాసిందీ ఆయన లాగినే. ఒకే పేరు కింద ఇద్దరం ఏడేళ్లు ఉన్నాం, ఏ చేతులు ఎవరివో కంప్యూటరుకి తెలియదు.

ఆయన చొక్కా తొడుక్కుంటూ అంతా విన్నారు. అద్దంలోంచే విన్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి స్టేజీ మీద నలభై మెషిన్లు అందరి ఎదురుగా మార్చి చూపించాలి, అందులో ఒక పెద్దాస్పత్రివి ఆరు. ఈ ఒక్కరోజు పోనివ్వు, సోమవారం చూద్దాం అన్నారు. ల్యాబు వాళ్లకి ఎప్పుడూ ఏదో ఒక గొడవే అన్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, గుండీ బాగా కుట్టావు అన్నారు.

ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. తర్వాత స్టవ్వు ఆర్పి చెప్పులు వేసుకున్నాను. అత్తయ్య ఎక్కడికే అంది. సన్మానం జరిగే హాలుకి అన్నాను. "నువ్వెందుకు అక్కడ? పప్పు?" అంది. సగం ఉడికింది అత్తయ్యా, మిగతా సగం మీరు చూడండి అన్నాను. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అత్తయ్య నోట మాట రాకపోవడం అదొక్కసారే చూశాను, చూసి సంతోషించే తీరికే లేకపోయింది.

బస్సు దిగి పరిగెత్తాను. గేటు దగ్గర ఎవరు మీరన్నారు. ఎనభై గారి భార్యనంటే నవ్వి లోపలికి పంపారు. స్టేజీ పక్క గదిలో ఒకతను ఆయన మూడో గుండీకి మైకు తగిలిస్తున్నాడు. గడియారం పదకొండూ నలభై. నన్ను చూసి ఆయన మొదట నా ఇంటి చీర చూశారు.

"పన్నెండింటికి మార్చొద్దు" అన్నాను. "నేను డైరెక్టరు గారికి చెప్పబోతున్నాను. ముందు నీకు చెబుతున్నాను."

చదువుకునేటప్పుడు ఒకే క్లాసులో ఉండి ఒకరినొకరం నువ్వనుకునేవాళ్లం. పెళ్లయిన రెండో రోజు అత్తయ్య దాన్ని మీరుగా దిద్దింది. తొమ్మిదేళ్ల తర్వాత అది దానంతటదే నోట్లోకొచ్చింది. ఆయనకి ముందు ఆ మాటే తగిలింది, మిగతాది తర్వాత. మైకు ఆన్‌లో ఉందేమోనని చేత్తో గుండీ మూసుకున్నారు. "నా పరువు తీయడానికొచ్చావా?" అన్నారు, చాలా మెల్లగా.

డైరెక్టరు పొడుగ్గా, తొందరపడని మనిషి. కాగితం మీద రెండు గీతలు గీసి చూపించాను. కార్డు ఇంకా రాస్తూనే ఉండగా జాబితా మూసేస్తున్నాం, తొమ్మిదింటికి ల్యాబ్‌లో నమూనాలు వరదలా వస్తాయి, ఒక రిపోర్టులో నంబరున్న పేజీ జాబితాకెక్కింది, అంకెలున్న పక్క పేజీ ఎక్కలేదు, అందుకే కొత్త నంబరు కింద పాత అంకెలు. డైరెక్టరు మూడు నిమిషాల్లో గ్రహించారు. నలభై మెషిన్లూ కదలలేదు. పాత వీడియో వేశారు. సన్మానం మాత్రం జరిగింది, ఆపితే ఎందుకని అడుగుతారు కదా. గది తలుపు సందులోంచి చూశాను. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. బాణం సరిచేసిన మూడో స్లైడు బాగా వచ్చింది.

రెండున్నరకి ఆఫీసులో చిన్న గది. డైరెక్టరు, కంపెనీ లాయరు, ఆయన, నేను. శాలువా ఆయన కుర్చీ మీద మడతపెట్టి ఉంది. లాయరు తెర మీద ఆ ఫైలు తెరిచి, ఈ రెండు వరుసలు మార్చిన లాగిన్ ఎవరిదని అడిగాడు.  ఆయన టేబుల్ వంక చూశారు.

"అది మా ఆవిడ రాసింది" అన్నారు. "లాగిన్ నాదేగానీ, రాసింది తనే. నేను ఇంట్లో లేను ఆ టైములో."

ఏడేళ్లు ఎదురుచూసిన మాట. ఆఫీసు విందుల్లో, ఆయన పేరున మెడల్ వచ్చిన రోజు, అత్తయ్య చుట్టాల ముందు, ఎప్పుడో ఒకప్పుడు నవ్వుతూనైనా అంటారనుకున్న మాట. అక్షరం పొల్లుపోకుండా అన్నారు. రావలసిన చోటికి మాత్రం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం నువ్వు నా పక్కనే కూర్చున్నావని అనవచ్చు. నాలుగు మిల్లీసెకన్లలో ఎవరు చచ్చిపోతారని అడిగిందెవరని అనవచ్చు. కానీ ఆస్పత్రిలో మాటలేని దర్జీ మనిషి గుర్తొచ్చి, వరుసలు మార్చిన వేళ్లు నావేనన్నది కూడా గుర్తొచ్చింది.

"అవునండీ, నేనే రాశాను" అన్నాను. "తప్పని తెలిసే రాశాను, ఈయన అడిగితే. ఆ రెండే కాదు, మిగతా నాలుగు వేల వరుసలూ నేనే."

డైరెక్టరు ఆయన వంక చూశారు. ఆయన శాలువా వంక చూశారు. కాదని మాత్రం అనలేదు. లాయరు గొంతు సవరించుకుని, అయితే ఇంకా చిక్కే, బయటి మనిషి మన కోడ్ ముట్టుకున్నట్టు తేలుతుంది, కాబట్టి పేర్లు లేకుండా సాంకేతిక లోపం, విచారణ జరుగుతోంది అని రాద్దామన్నాడు. విచారణ ఎన్నాళ్లని అడిగాను. రెండు వారాలన్నాడు. ఆ రెండు వారాలూ ల్యాబ్ వాళ్లు ఎవర్నీ వెనక్కి పిలవరు కదా అన్నాను. 

ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్లారు. చేయి పట్టుకున్నారు, చాలా రోజుల తర్వాత. "పేర్లు వద్దంటున్నారుగా. ఎందుకు మీదేసుకుంటావు? నా సంగతి సరే, రేపు నీకెవరిస్తారు ఉద్యోగం? పాప గురించి ఆలోచించు." ఆ గొంతులో నా మీద జాలి నిజంగానే ఉంది. అదే బాధ. ఆయన చెడ్డవాడైతే ఈ కథ నాకు ఇంత కష్టమయ్యేది కాదు. పాపకి జ్వరం వచ్చిన ఆ ఆదివారం నాడు కూడా అలాగే అడిగారు, అంత మెత్తగానే. అప్పుడు పాపని భుజం మార్చుకుని సరేనన్నాను. చేయి విడిపించుకుని లోపలికి నడిచాను.

ఒక తెల్ల కాగితం అడిగాను. డైరెక్టరు తన ముందున్న కట్టలోంచి ఒకటి తీసి జరిపారు, లాయరు వారిస్తున్నా. ఆ సోమవారం మెషిన్ మారిన క్షణం, తేదీతో, సమయంతో రాశాను. ఆ మెషిన్‌లో జరిగిందంతా నమోదయ్యే చిట్టా తెరిపించి, ఆ నాలుగు మిల్లీసెకన్ల చుట్టూ కార్డులో చేరిన నమూనా నంబర్లు ఒక్కొక్కటే పక్కన వేసుకున్నాను. పన్నెండు. కింద ఇంకో వాక్యం రాశాను: ఇది యంత్రం తప్పు కాదు, నేను రాసిన రెండు వరుసల తప్పు. సంతకం చేసి, దాని కింద పేరు పూర్తిగా రాశాను, ఇంటిపేరు పుట్టింటిది. ఏడేళ్లలో నా పని కింద నా పేరు పడడం అదే మొదలు. మంచి పని కింద పడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆ కంప్యూటర్ ముందే కూర్చుని, డైరెక్టరు చూస్తుండగా ఆ రెండు వరుసల్నీ వాటి చోట్లలోకి మార్చాను. ఒక మెషిన్‌ని కొత్త సర్వర్ మీదకి మార్చి చూస్తే అది మూడు వందల నలభై మిల్లీసెకన్లు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ల్యాబ్ అమ్మాయికి కాగితం ఫోటో పంపాను. ఆరింటికి మెసేజ్ పెట్టింది. దర్జీ ఆవిడ కాక మిగతా పదకొండుమందికీ ఫోన్లు చేశారట. తొమ్మిదిమంది దొరికారు, అందులో ఇద్దరికి మందులు ఆ పూటే మార్చారు. ఒకతను ఊరు మారాడు, వెతుకుతున్నారు. ఒకరి ఫోన్ మోగుతోంది, తీయడం లేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన ఇంకా రాలేదు. పొయ్యి మీద పప్పు గిన్నె అలాగే ఉంది, సగం ఉడికి, పైన నీళ్లు తేరి. అత్తయ్య హాల్లో కూర్చుని ఉంది. "ఇవాళ టీ ఎవరూ పెట్టలేదు" అంది. కోపం కాదు, ఏదో వింత చూసినట్టు అంది. నాకూ పెట్టాలనిపించలేదు. ఆవిడ పక్కనే కూర్చున్నాను.

ఏడున్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు, నా వయసే ఉంటుంది. వెనకాల ఆస్పత్రి మంచం చక్రాల చప్పుడు. దర్జీ ఆవిడ కూతుర్ని అంది. ల్యాబ్ అమ్మాయి కాగితం చూపించిందట. మూడు వారాల నుంచీ ఎవర్నడిగినా యంత్రం అంటున్నారు, ఒక మనిషి పేరు కనిపించడం ఇదే మొదలు, అందుకని చేశానంది.  తిడుతుందనుకుని ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఆ కోడ్ రాసింది మీరేనా?" అంది.

మా పెళ్లయ్యాక, మా ఇంట్లోగానీ బయటగానీ, నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"నేనేనండీ" అన్నాను.